గణనీయం కాదు

జులైలో పిలిచి పని అప్పగించారు:
సైనిక విమానాశ్రయం పడమటి అంచున,
రన్‌వే ఆగిపోయి కొండచరియ మొదలయ్యే చోట
ఎన్ని గూళ్లున్నాయో లెక్కపెట్టి చెప్పమని.

గూడంటే కొమ్మ మీది పుల్లల గూడు కాదు.
ఈ అసోరెస్ దీవుల్లో అది
లావా చల్లారుతూ వదిలేసిన బొరియ.
బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చాలి.
లోపల చీకటి వెచ్చగా ఉంటుంది,
చేపనూనె కంపు కొడుతుంది,
ఆ తర్వాత చీకటే కరుస్తుంది.
కరిస్తే, ఒకటి అని రాసుకోవాలి.

పదకొండు రాత్రులు కరిపించుకున్నాను.
నూట నలభై మూడు.

కంచెకు ఇవతల బెలర్మీనొ ఆవులు మేస్తుంటాయి.
కగార్రో పిట్టల అరుపు పట్టుకుని
వాళ్ల తాత పొగమంచులో పడవను ఒడ్డు చేర్చేవాడట.
"మా రేడియో అదేనమ్మా.
లైసెన్సు లేదు, బ్యాటరీ లేదు.
చలికాలం మాత్రం ప్రసారం ఉండదు."

నవంబరులో నివేదిక వచ్చింది.
రెండు వందల పన్నెండు పేజీలు, స్పైరల్ బైండింగు.
అనుబంధంలో నా పేరుంది, అక్షరదోషంతో.
మూడు మాస్టులు, అరవై మీటర్ల చొప్పున.
వాటిని పట్టి నిలిపే ఉక్కు తీగలు ఇరవై నాలుగు.
జనరేటర్లు రెండు. నేలలోపల డీజిల్ ట్యాంకు.
పక్షులపై ప్రభావం, నూట తొంభయ్యో పేజీలో:
గణనీయం కాదు.

గణనీయం అంటే లెక్కపెట్టదగింది.
లెక్కపెట్టింది నేనే కదా.
వేళ్ల మీద మచ్చలు ఇంకా మానలేదు,
నమ్మకపోతే వాటినే లెక్కపెట్టుకోండి.

చర్చి వెనక హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ.
ఇంజనీరు మర్యాదస్తుడు, అందరికీ కాఫీ ఇప్పించాడు.
"ఈ తరంగాలు కనపడవు, వినపడవు, ఎవరికీ హాని చెయ్యవు."
వెనక బెంచీలోంచి ఒతీలియా లేచింది:
"తమరు మాట్లాడేది దేవుడి గురించా?"
హాలంతా నవ్వింది.
మినిట్సులో అది "సాధారణ వ్యాఖ్య"గా నమోదైంది.

డీజిల్ కారితే తన బావి సంగతేమిటన్నాడు బెలర్మీనొ.
ఇంజనీరు మ్యాపు విప్పి వెతికాడు. బావి లేదు.
"నలభై ఏళ్లుగా అందులో నీళ్లే తాగుతున్నాను.
నేనున్నానేమో కూడా చూడండి బాబూ."

వసంతంలో డ్రిల్లులు వచ్చాయి.
చరియ పళ్లు పీకించుకుంటున్న చప్పుడు.
పెకలించిన హీథర్ పొదలకు నంబర్లు కట్టి
తూర్పు వాలులో నాటారు.
సగం బతికాయి. మిగతా సగానికి నంబర్లే మిగిలాయి.

అక్టోబరు. మాస్టుల మీద ఎర్రదీపాలు,
కింద రాత్రంతా ఫ్లడ్‌లైట్లు.
మొదటిసారి గూడు దాటిన పిల్ల కగార్రో
నీటి మీది వెన్నెల కోసం చూస్తుంది.
ఏ వెలుగు ముందు కనపడితే అదే సముద్రమనుకుంటుంది.

తెల్లారుజామున టెల్మో తలుపు తట్టాడు.
పంతొమ్మిదేళ్ల కాపలా సిపాయి,
టోపీలో బూడిదరంగు ముద్ద ఒకటి, కళ్లు తెరిచే ఉంది.
గేటు రిజిస్టరులో పక్షులకు గడి లేదట.
అందుకని ఇలా రాశాడట:
"అనుమతి లేకుండా దిగిన విమానం, ఒకటి.
పైలట్ క్షేమం."
మర్నాడు మూడు. ఆ మర్నాడు పదిహేడు.
పదిహేడింటి దగ్గర పైలట్ల సంగతి రాయలేదు.

ఇప్పుడు తీగలకు పసుపు బిళ్లలు వేలాడదీశారు.
గాలికి గలగలమంటాయి, పగలు అందంగానే ఉంటాయి.
పిట్టలు వచ్చేది రాత్రి.

మళ్లీ జులై. మళ్లీ ఫారం.
పరిశీలకుల పేరు గడిలో అదే అక్షరదోషం
ముందే అచ్చు వేసి ఇచ్చారు.

నిన్న రాత్రి అరవై రెండో బొరియ.
బోర్లా పడుకుని భుజందాకా దూర్చాను.
కంపు లేదు. వెచ్చదనం లేదు.
వేళ్లకు నున్నగా కాంక్రీటు తగిలింది,
పైన పునాదుల్లోంచి జారి గడ్డకట్టింది.

కరవలేదు.
చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాను.